ఎండ మధ్యాహ్నం, పాలు పొద్దున

ఎండతో పాలు కాచి, ఆ ఎండతోనే మళ్లీ చల్లబెడతారట. ఈ సంగతి చెప్పేటప్పుడు మీ ఈడు పిల్లల మొహాలు చూడాలి. సూర్యుడికి మొదటిసారి పని చెప్పింది తామేనని వాళ్ల నమ్మకం. ఏమప్పా, మా రోజుల్లో ఎండ సాయం లేకుండా పాలు కాగిందెప్పుడు? పిడక ఎండింది ఎండకు కాదా? కడిగిన దుత్తలు బోర్లించింది ఎండకు కాదా? ఆవు మేసిన చొప్ప ఎండింది ఎండకు కాదా? పైన సౌర పలక బిగిస్తే తప్ప మీకు ఎండ కంటబడదు.

నేను హోసూరుకూ డెంకణికోటకూ నడుమ ఉన్న పల్లెలో పుట్టినవాణ్ని. కృష్ణగిరి డ్యాం కట్టే రోజులకు బడికి పోతున్నాను. పుట్టినప్పుడు మాది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అన్నారు. 2004లో కృష్ణగిరి జిల్లా అన్నారు. నేను ఊరు కదల్లేదు, జిల్లాలే మారుతూ పోయాయి. పాల సంగతి మాట్లాడే హక్కు నాకుంది. చిన్నప్పుడు పిండాను, పడుచుతనంలో సైకిల్ మీద మోశాను, ఆ తరవాత పాల సొసైటీలో లెక్కలు రాశాను. ఇప్పుడు తాగుతున్నాను. తాగేటప్పుడే అసలు బాధ.

మొదట దాలి సంగతి చెప్తాను, మీరు చూసి ఉండరు కాబట్టి. వంటింటి వెనక, గాలి దూరని మూలన, మోకాటి లోతు గుంట. అందులో పిడకలు పేర్చి, పైన ఇంత ఊక చల్లి, పొయ్యిలోంచి ఒక నిప్పు కణిక తెచ్చి వేసేది మా అమ్మ. మంట లేవకూడదు. లేచిందంటే ఆమెకు కోపం, ఆ రోజు మాకు వీపు విమానం మోత. సెగ మాత్రమే ఉండాలి. ఆ సెగ మీద నల్లబడిన మట్టి దుత్త, దుత్త మీద చిల్లుల మూత. పొద్దున పెట్టిన పాలు మధ్యాహ్నం మేం బడి నుంచి వచ్చేదాకా కాగుతూనే ఉండేవి. పొంగేవి కావు, మాడేవి కావు. మూత తీస్తే లేత ఎరుపు రంగు, పైన మడతలు పడ్డ మీగడ, అందులో సన్నని పొగ వాసన. పాలలో ఉండే చక్కెర, మాంసకృత్తులు గంటలకొద్దీ సెగ తగిలి ఒకదాన్నొకటి పట్టుకుంటే ఆ ఎరుపు వస్తుందని నాకు సొసైటీలో చేరాక తెలిసింది. మా అమ్మకు ఆ లెక్క తెలియదు, ఎరుపు రాకుండా మాత్రం ఒక్కనాడూ దించలేదు.

ఇప్పుడు మీరు చెప్పే పాశ్చరైజేషన్ ఏమిటి? పాలను 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచడం. పెద్ద డైరీల్లో అయితే 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు. ఆ వేడికి క్షయ క్రిమి చస్తుంది, టైఫాయిడ్ క్రిమి చస్తుంది, ఆవుల నుంచి మనుషులకు అంటుకునే జ్వరాల క్రిములూ చస్తాయి. పాల రుచి పెద్దగా చెడదు. వేడి చేసిన వెంటనే నాలుగు డిగ్రీలకు చల్లబరచాలి, లేకపోతే చావకుండా మిగిలినవి మళ్లీ పిల్లలు పెడతాయి. ఇంతే కదా? మా దాలి మీద పాలు మీ అరగంటలు ఎన్ని గడిపేవో లెక్కవేసుకోండి. ఆ జబ్బు క్రిములేవీ ఆ దుత్తలో దిగి బతికి బట్టకట్టింది లేదు.

మా అమ్మ కళ్ల సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఆమెకు అన్యాయం. ఆ పొగలో వంగి వంగి నలభై ఏళ్లకే ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా నీళ్లు కారుతుండేవి. రాత్రి దగ్గు. దాలి పాల రుచి నేను జీవితమంతా తలుచుకున్నాను, ఆ దగ్గును తలుచుకున్నది చాలా తక్కువ. పొలానికి పోవాల్సిన పేడంతా పొయ్యిలోకి పోయేది, అది ఇంకో నష్టం. ఇంత తెలిసీ, ఆ పాలే పాలు అంటాను. మీకు నచ్చకపోతే లేచి వెళ్లండి.

ఇక ఆవులు. మా కొట్టంలో ఉండేవి హళ్లికారు ఆవులు, పక్క ఊళ్లో ఆలంబాడివి. అవి దుక్కికి, బండికి పుట్టిన జాతులు. కొమ్ములు చూస్తే చాలు, కడుపు నిండేది. పాలు? దూడ తాగగా రెండు చన్నులు పిండితే చెంబెడు వచ్చేవి, అదే గొప్ప. మత్తిగిరి పశువుల ఫారంలో ఎర్ర సింధి ఆవులుండేవి. అది 1824 నాటి ఫారం, మొదట సైన్యం గుర్రాల కోసం పెట్టింది. మేం ఎడ్ల బండి మీద హోసూరు చంద్రచూడేశ్వరుడి తేరుకు వచ్చినప్పుడు పెద్దవాళ్లు ఆ ఫారం కంచె దగ్గర బండి ఆపి ఆ ఎర్ర ఆవుల పొదుగుల్ని చూసి నిట్టూర్చేవారు. ఇప్పుడు మా ఊళ్లో ప్రతి కొట్టంలోనూ సీమ ఆవే. పూటకు ఏడెనిమిది లీటర్లు ఇస్తుంది. ఎండ తగిలితే రొప్పుతుంది, ఫ్యాన్ అడుగుతుంది, దాణా తగ్గితే అలుగుతుంది. దుక్కికి కట్టే మాటే లేదు. పాలిస్తుంది గానీ ఆ పాలలో వెన్న ఏదీ? మా ఆవు చెంబెడే ఇచ్చేది, ఆ చెంబెడులో కవ్వం నిలబడేది.

చెంబెడు పాలకు కూలర్ ఎందుకు? అసలు మీ యంత్రాలన్నీ ఎందుకు పుట్టాయంటే, ఊళ్లో తాగగలిగినదానికన్నా ఎక్కువ పాలు పిండుతున్నారు కాబట్టి. మా రోజుల్లో పాలు ఊరు దాటేవి కావు. తాగగా మిగిలితే పెరుగు, పెరుగు మిగిలితే వెన్న, వెన్న కాస్తే నెయ్యి, నెయ్యి సంతకు. చల్ల ఎవరు చెంబు పట్టుకొచ్చినా ఊరికే పోసేవాళ్లం, చల్ల అమ్ముకోవడం తప్పు. రాగి ముద్ద, మీద ఇంత చల్ల, పక్కన ఉల్లిగడ్డ. ఊరంతా అదే తిండి. పాలు చెడిపోవడమంటే మాకు తెలిసింది ఒకటే, పెరుగవడం. అది చెడిపోవడం అంటే మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు.

సాయంత్రం పాలు రాత్రికి నిలవాలంటే మా ఇంట్లో బావి ఉండేది. దాని పద్ధతి చెప్తాను, ఇప్పుడు చేసేవాళ్లు లేరు. ఇత్తడి బిందె మెడకు చేంతాడు కట్టి, మూతి మీద తడిగుడ్డ చుట్టి, బిందె సగం నీళ్లలో మునిగేటట్టు దించి, తాడు కొసను గిలక స్తంభానికి ముడివేసేవాడు మా నాయన. కప్ప దూకకుండా మూత మీద రాయి. తెల్లవారి తీస్తే బిందె చుట్టూ చెమ్మ, పాల పైన గట్టిగా పేరుకున్న మీగడ. మాది కాస్త చల్లని నేల. మా పక్కనే ఉన్న తళిని తెల్లదొరలు ‘లిటిల్ ఇంగ్లండ్’ అని మురిసిపోయేవారు. మా నేల సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, పొద్దున్నే మంచు. ఘాట్ దిగి కృష్ణగిరి చేరితే వేడి వేరు. హోసూరులో మధ్యాహ్నం దాకా నిలిచే పాలు కృష్ణగిరిలో పదింటికే పులిసేవి. పితికిన పాలు ఆవు ఒంటి వేడితో, అంటే ముప్పై ఏడెనిమిది డిగ్రీలతో వస్తాయి. ఆ వేడిలోనే వదిలేస్తే క్రిములు అరగంటకోసారి రెట్టింపవుతాయి. మొదటి రెండు మూడు గంటలు పాలే తమను తాము కాచుకుంటాయి, ఆ గుణం పాలలో పుట్టుకతోనే ఉంది. ఆ తరవాత ఆశ లేదు. పాల వ్యాపారమంతా ఆ రెండు మూడు గంటల మీద నడుస్తుంది.

ఆ గంటల విలువ నాకు సైకిల్ నేర్పింది. రెండు పక్కలా రెండు క్యాన్లు, క్యాన్లకు తడి గోనెసంచులు, హోసూరులో హోటళ్లకు పోయడం. దారిలో ట్యూబు పగిలితే అంతే. గోనె ఆరిపోకుండా చెరువు కనబడిన చోటల్లా దిగి తడిపేవాణ్ని. ఒకసారి ఎండాకాలంలో ఒక హోటలాయన మూత తీసి, వాసన చూసి, ఒక్క మాటైనా అనకుండా క్యాన్ వెనక్కి తోశాడు. ఆ పాలు అయిదిళ్లవి. అయిదిళ్లకూ వెళ్లి ఆ రోజు డబ్బు లేదని చెప్పాలి. అందులో ఒకావిడ ఆ డబ్బుతోనే బిడ్డకు మందు కొనాలనుకుంది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే సొసైటీలు వచ్చినప్పుడు నేను సంతోషించినవాణ్నే. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల పథకం మొదలైంది. 1981లో తమిళనాడు పాల సంఘాలన్నిటినీ గుజరాత్ ఆనంద్ పద్ధతిలో ఒక సమాఖ్య కిందికి తెచ్చారు, అదే ఆవిన్. పొద్దున్నే సొసైటీ ముందు వరస. ఆడవాళ్ల చంకల్లో బిందెలు, పిల్లల చేతుల్లో సొంబులు. లాక్టోమీటర్ పాలలో వదిలి అది తేలే గీత చూడటం, గాజు గొట్టంలో ఆమ్లం పోసి తిప్పి వెన్న శాతం కట్టడం. నీళ్లు కలిపినవాడి మొహం లాక్టోమీటర్ మునగకముందే తెలిసిపోయేది. నీలం మందు చుక్క వేసి చూసే పరీక్ష ఒకటి ఉంది. పాలలో క్రిములు ఎక్కువైతే ఆ నీలం రంగు తొందరగా విరిగిపోతుంది. మంచి పాలలో గంటలకొద్దీ నిలుస్తుంది. మంచి పని నేర్పారు, కాదనను. కానీ ఆ రోజు నుంచే పాలు ఊరికి చుట్టమైపోయాయి. పొద్దున వస్తాయి, ఎండెక్కేసరికి లారీ ఎక్కుతాయి. పిల్లాడికి గ్లాసెడు తీసిపెట్టమంటే, లీటరు తగ్గితే డబ్బు తగ్గుతుందని తల్లి చెయ్యి వెనక్కి పోవడం నేను కళ్లారా చూశాను.

తరవాత పాల కూలర్లు వచ్చాయి. పెద్ద స్టీలు తొట్టి, లోపల గరిట తిరుగుతుంటుంది, కింద గ్యాసు యంత్రం. వేలకు వేల లీటర్లు నాలుగు డిగ్రీలకు దిగుతాయి. బాగానే ఉంది, కరెంటు ఉన్నంతసేపు. 2012 ప్రాంతంలో తమిళనాడులో కరెంటు కోతలు ఎలా ఉండేవో మీకు గుర్తుండదు, మీరప్పుడు నిక్కర్లలో ఉన్నారు. కోత పడితే జనరేటర్, జనరేటర్‌కు డీజిల్, డీజిల్‌కు డబ్బు. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? పాలు పోసినవాడి లీటరు ధరలోంచే. ఆవు వెనక లేచిన మనిషికి రావలసిన రూపాయి పొగ గొట్టంలోంచి పోయేది. దాన్ని చూస్తూ మా కొట్టం వెనకాల బావిని తలుచుకునేవాణ్ని.

ఇదిగో, ఇక్కడికి వచ్చింది మీ సూర్యుడు. మా అన్న మనవడు బెంగళూరులో ఇలాంటి పనే చేస్తాడు, వాడు నాకు కాగితం మీద గీసి చూపించాడు. వాడికి నాపైన ప్రేమ, నాకు వాడి లెక్క మీద అనుమానం. నేను అడిగింది ఒక్కటే: “ఒరే అబ్బీ, ఆవు పాలిచ్చేది పొద్దున అయిదింటికి, సాయంత్రం అయిదింటికి. ఎండ ఉండేది మధ్యాహ్నం పన్నెండుకు. ఎండ ఉన్నప్పుడు పాలు లేవు, పాలు ఉన్నప్పుడు ఎండ లేదు. ఇప్పుడేం చేస్తావు?” వాడు నవ్వి, అదే అసలు చిక్కు తాతా అన్నాడు. పెద్ద పెద్ద చదువులవాళ్లు ఎన్నో ఏళ్లు కొట్టుకున్నది ఆ చిక్కుతోనేనట. మా రోజుల్లో అయితే పాలు పిండే ఏ ఆడమనిషిని అడిగినా మొదటి రోజే చెప్పేది.

బ్యాటరీలో కరెంటు దాచొచ్చు, కానీ బ్యాటరీ ఖరీదు, నాలుగైదేళ్లకే చచ్చిపోవడం మనకు తెలిసినవే. అందుకని ఇప్పుడు చేస్తున్నది, రాగులు పాతరలో దాచినట్టు చలిని మంచుగా దాచడం. మధ్యాహ్నం ఎండకు పలక కరెంటు ఇస్తుంది, ఆ కరెంటు నేరుగా యంత్రాన్ని తిప్పి నీళ్లను గడ్డ కట్టిస్తుంది. సాయంత్రం పాలు వచ్చేసరికి మంచు సిద్ధం. వంద లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి నాలుగుకు దించాలంటే దాదాపు 37 కేజీల మంచు కరగాలి. ఆ మంచు చేయడానికి ఒకటిన్నర, రెండు యూనిట్ల కరెంటు చాలు. ఒక కిలోవాటు పలకలు మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. అంటే చిన్న సొసైటీ ఇంటి కప్పు సరిపోతుంది. నేను కాగితం తిప్పి తిప్పి లెక్క చూశాను. తప్పు దొరకలేదు. దొరికితే బాగుండుననుకుని రెండోసారి కూడా చూశాను.

జర్మనీలో హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంవాళ్లు ఇంకా చిన్నది చేశారు, టునీషియాలోను, కెన్యాలోను రైతుల దగ్గర పెట్టి చూశారు. మామూలు ఫ్రీజర్‌నే సౌర పలకలకు కట్టి మంచు తీస్తారు. ఆ మంచును ముప్పై లీటర్ల పాల క్యాన్ మధ్యలో ఒక అరలో దించుతారు. క్యాన్ చుట్టూ వేడి చొరబడని గోడ. ఆరు కేజీల మంచుతో ముప్పై లీటర్లు 36 నుంచి 15 డిగ్రీలకు దిగుతాయి. ఇది విన్నాక నేను కాసేపు మాట్లాడలేదు. ఆ క్యాన్ నాకు సైకిల్ తొక్కే రోజుల్లో ఉండాల్సింది. మందు కొనలేకపోయిన ఆ అమ్మ గుర్తొచ్చింది. అయినా, మన బావిలో పైసా ఖర్చు లేకుండా జరిగిన పనే కదరా అన్నాను. “బావిలో నీళ్లెక్కడున్నాయి తాతా?” అన్నాడు వాడు. బోరు వెయ్యి అడుగులకు దిగింది, బావిలో ఇప్పుడు తుమ్మ మొలిచింది. దానికి కారణం ఎవరు, మేమా మీరా అనే వాదన ఇంకోసారి పెట్టుకుందాం.

ఇందులో ఎదురుదెబ్బలు తిన్నవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో బోస్టన్ నుంచి సొరిన్ గ్రామా, శామ్ వైట్ అనే ఇద్దరు 2007లో ప్రొమీథియన్ అని కంపెనీ పెట్టి, మన పల్లెలకు ఎండతో నడిచే పాల కూలర్ చేద్దామని వచ్చారు. అప్పట్లో పలకల ఖరీదు చుక్కల్లో ఉండేది, లెక్క కుదరలేదు. మన పల్లెల్లో తిరిగి తిరిగి వాళ్లకు అర్థమైంది ఏమిటంటే, కరెంటు లేకపోవడం కాదు, సమయానికి లేకపోవడమే బాధ అని. పలకలు వదిలేసి, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు చలిని దాచుకుని, పాలు వచ్చినప్పుడు వాడుకునే తొట్టి చేశారు. ఊరు చూసి, మనుషుల్ని అడిగి, తమ మాట మార్చుకున్నవాళ్లంటే నాకు గౌరవం. ఆ తరవాత పలకల ధర బాగా పడిపోయింది, ఇప్పుడు మళ్లీ అందరూ ఎండ వైపు తిరుగుతున్నారు.

చల్లబెట్టడం అలా ఉంచండి. కాచడం దీనికన్నా తేలిక, దానికి పలక కూడా అక్కర్లేదు. నల్లరంగు వేసిన రాగి రేకు, మీద గాజు, లోపల నీళ్లు. హోసూరులో కొత్తగా కట్టిన ప్రతి మేడ మీదా స్నానాల నీళ్ల కోసం అదే ఉంది. 63 డిగ్రీలు దానికి కష్టం కాదు. లీటరు పాలను 30 నుంచి 63కు తీసుకెళ్లే వేడి ఎంతో తక్కువ. ఒక చదరపు మీటరు మీద రోజంతా పడే మన ఎండ అయిదు యూనిట్లపైనే, అందులో సగం పట్టుకున్నా డెబ్బై లీటర్లు కాగుతాయి. కాగిన పాల వేడిని కొత్తగా వచ్చే చల్లని పాలకు అందిస్తే ఇంకా ఎక్కువ. వేడి నీళ్లను సరైన తొట్టిలో దాచితే తెల్లవారి పాలకూ అక్కరకొస్తాయి.

పెద్ద పని చూడాలంటే తిరుమల కొండ మీద చూసి ఉండాలి. మొక్కు తీర్చుకోవడానికి పోయి, గుండు కొట్టించుకుని, సెల్‌ఫోన్ చూసుకుంటూ దిగొచ్చేస్తారు మీరు. 2002లో అక్కడ వంటశాల కోసం 106 అద్దాల గిన్నెలు పెట్టారు. సూర్యుడు కదిలిన కొద్దీ అవీ కదులుతూ, ఎండను ఒక చోటికి పట్టి ఆవిరి తీసేవి. రోజుకు నాలుగు టన్నుల ఆవిరి, దానితో వేలమందికి అన్నం, సాంబారు. ఎండతో వండిన ప్రసాదం అని మా ఇంటావిడ రెండుసార్లు వడ్డించుకుంది. మహారాష్ట్ర లాతూరులో మహానంద్ డైరీ మీద 160 చదరపు మీటర్ల అద్దాల గిన్నె ఒకటి పెట్టి పాలు పాశ్చరైజ్ చేశారు, ముంబై ఐఐటీ వాళ్ల చదువుతో చేసిన పని అది. గుజరాత్ భుజ్‌లో అయితే ఏకంగా ఒక చెరువే కట్టారు, 6,000 చదరపు మీటర్లది. ఉప్పు చెరువు. అడుగున చిక్కటి ఉప్పు నీళ్లు బరువుగా ఉండి పైకి లేవవు, ఎండ వేడి అడుగున చిక్కుకుపోతుంది. ఆ అడుగు నీళ్ల వేడితో 1993 నుంచి కచ్ డైరీకి వేడి నీళ్లు పంపారు. ఎండ పోయాక కూడా రాత్రి వేడి ఉండే చెరువు! ఇవన్నీ చేసింది నా ఈడువాళ్లు. కొన్ని మీరు పుట్టకముందే, అన్నీ మీరు ఫోన్‌లో నొక్కకముందే. అది కాస్త గుర్తు పెట్టుకోండి.

ఇన్ని చెప్పాక నా కోపం ఎక్కడుందో వినండి. ఇవన్నీ పెద్ద డైరీల మీద, పెద్ద ఫ్యాక్టరీల మీద పెడుతున్నారు. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఏ షెడ్డు చూసినా పైన నీలం పలకలే. పాలు పుట్టే ఊళ్లో సొసైటీ కప్పు మీద ఏముంది? పావురాలు. మా ఊరి పాలు లారీలో నలభై కిలోమీటర్లు పోయి, కాగి, చల్లబడి, ప్లాస్టిక్ సంచిలో దూరి, అదే దారిన వెనక్కి వచ్చి మా ఊరి కొట్టులో ఐసు పెట్టెలో కూర్చుంటున్నాయి. ఆవులున్న ఇంట్లో పిల్లలు ఆ ప్యాకెట్ తాగుతున్నారు. ఎవరి ఆవు పాలో తెలియదు. పొదుగు వాపు వచ్చిన ఆవుదో, మందు ఇంజెక్షన్ వేసిన ఆవుదో, ఏం తెలుస్తుంది? మా రోజుల్లో గ్లాసులో పాలు చూస్తే ఆవు పేరు చెప్పేవాళ్లం. లక్ష్మి పాలు చిక్కన, గౌరి పాలు పల్చన, ఈనిన కొత్తలో జున్ను ఎవరింటికి పంపాలో ఊరికంతా తెలుసు.

ఊళ్లోనే వంద లీటర్లు ఎండతో కాచి, ఎండతో చల్లబెట్టగలిగితే, ఊళ్లో పిల్లలకు కావలసిన పాలు ఊళ్లోనే నిలుస్తాయి. బడికి, అంగన్‌వాడీకి ఆ పాలే పోవచ్చు. మిగిలింది లారీ ఎక్కనీ, ఎవరు కాదన్నారు? లారీ రెండు పూటలకు బదులు ఒక పూటే వచ్చినా పాలు విరగవు, ఆ డీజిలూ మిగులుతుంది. అక్కడ చేస్తే నాకు సంతోషం. దాలి లేదు, బావి లేదు, వెన్న లేని సీమ ఆవులు. ఈ దిగజారిన కాలానికి అదొక్కటైనా మంచి పని అవుతుంది.

మా ఊరి సొసైటీ మీద పలకలు పెడదామని మొన్న మీటింగులో మాట పడింది. యువకులంతా చేతులెత్తారు. నేను కొన్ని ప్రశ్నలు అడిగాను, ముసలాడికి అన్నిటికీ అడ్డమే అన్నారు వెనక వరసలోంచి. అననీ. పలక దక్షిణం వైపుకు పన్నెండు పదమూడు డిగ్రీలు వాలి ఉండాలి, వానకు కడిగేసుకోవడానికి కూడా ఆ వాలు కావాలి. సొసైటీ తూర్పున ఉన్న చింతచెట్టు నీడ పొద్దున పదింటిదాకా కప్పు మీదే ఉంటుంది, కొట్టడానికి నేను ఒప్పుకోను, పలకలే పడమటి కొసకు జరపండి. కాచే తొట్టిలో థర్మామీటర్ రెండుండాలి, ఒకటి పాడైతే ఇంకొకటి చెప్తుంది. మబ్బు పట్టిన రోజు 63కు చేరని పాలను చేరాయని రాసేవాణ్ని ఆ పనిలో పెట్టొద్దు. గిన్నెలు, గొట్టాలు సోడాతో, వేడి నీళ్లతో రోజూ కడగాలి, ఎండ ఉంది కదా అని కడగడం మానకూడదు. మన ఊరి చుట్టూ గ్రానైటు క్వారీలు. ఆ దుమ్ము రోజూ పలకల మీద పేరుకుంటుంది, వారం వదిలేస్తే మీ లెక్కలో యూనిట్లు లెక్కలోనే ఉంటాయి. చేతులెత్తిన ఆ ఇరవైమందిలో, పొద్దున్నే నిచ్చెన వేసుకుని, బకెట్టూ గుడ్డా పట్టుకుని కప్పెక్కేది ఎవరో ముందు పేరు రాసివ్వండి. ఆ కాగితం తెచ్చాకే నా సంతకం.